బైరాడ్స్ 3 థర్డ్ స్టేజ్ కాదు, అలాగని బీరువాలో పెట్టేసే రిపోర్టూ కాదు

రొమ్ము ఎమ్మారై రిపోర్టు ఇంటికొచ్చాక జరిగే కథ కర్నూల్లోనైనా కడపలోనైనా కొంచెం అటూ ఇటుగా ఒకటే. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగే పిల్లలెవరో పేజీలన్నీ తిప్పి చివరి లైను దగ్గర ఆగుతారు, అక్కడ ‘బైరాడ్స్ 3’ అని ఉంటుంది, రాత్రయ్యేసరికి చుట్టాల ఫోన్లలో అది ‘థర్డ్ స్టేజ్ అంట’ అయి కూర్చుంటుంది. ఇంకో ఇంట్లో దీనికి పూర్తిగా తిరగబడిన కథ. ‘భయపడాల్సిందేం లేదమ్మా, ఆర్నెల్లాగి మళ్లీ స్కానింగ్ చేసి చూద్దాం’ అని డాక్టరు చెప్తే మొదటి సగమే చెవిన పడుతుంది, ఫిల్ముల కవరు బీరువా మీదికి చేరుతుంది, ఆర్నెల్లు కాస్తా రెండేళ్లవుతాయి. మొదటి ఇంట్లో నిద్ర కరువవుతుంది, అంతే. రెండో ఇంట్లో జరిగేదే అసలు చెడ్డది.

ముందు ఆ అంకె సంగతి. బైరాడ్స్ అనేది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన ఒక పద్ధతి. అంతకుముందు ఒక్కో డాక్టరు రిపోర్టు ఒక్కోలా రాసేవారు, ‘కాస్త అనుమానంగా ఉంది, గమనించుకోవాలి’ లాంటి వాక్యం చదివి కోయాలో వదిలేయాలో తెలీక సర్జన్ తల పట్టుకోవాల్సి వచ్చేది. అందుకని ఎన్ని పేజీలు రాసినా చివర్లో ఒక అంకె వేయమన్నారు. మొదట్లో ఇది మామోగ్రామ్‌కే, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేకే, పరిమితం. ఎమ్మారైని 2003 నాటి నాలుగో కూర్పులో చేర్చారు, 2013లో ఐదోది వచ్చింది. 1 అంటే చెప్పుకోదగ్గదేమీ కనపడలేదని, 2 అంటే కనపడింది గానీ కచ్చితంగా మామూలు గడ్డేనని, 4 అంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయాలని, 5 అంటే క్యాన్సర్ అవడానికి 95 శాతానికి మించి అవకాశం ఉందని, 6 అంటే ముక్క పరీక్షలో ఇప్పటికే తేలిపోయిందని. 0 వేస్తే ఈ పరీక్ష ఒక్కటీ సరిపోలేదు, ఇంకేదో చూడాలని. స్టేజ్ అనేది వేరే లెక్క, క్యాన్సర్ అని ముక్క పరీక్షలో తేలిన తర్వాత అది ఎంత దూరం పాకిందో చెప్పడానికి వేసేది. ఆ లెక్కకూ ఈ లెక్కకూ అంకెలు కలవడం తప్ప వేరే చుట్టరికం లేదు.

ఇక మధ్యలో ఉన్న 3. ‘బహుశా మామూలు గడ్డే’ అని దాని అర్థం, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని. ఈ ‘బహుశా’ అనే మాటే టెన్షన్ పెడుతుంది. మామూలుదైతే మామూలుదని చెప్పొచ్చు కదా, అనుమానముంటే సూది వేసి చూడొచ్చు కదా, ఈ నడుమ మాటేంటి అనిపించడం సహజం. దీనికి జవాబు 1991లో దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సికిల్స్ అనే రేడియాలజిస్ట్ (స్కానింగులు చదివి రిపోర్టు రాసే డాక్టరు), మామోగ్రామ్‌లో ‘బహుశా మామూలువే’ అనిపించిన 3,184 కేసులను వెంటనే కోయించకుండా కొంతకాలానికోసారి మళ్లీ మళ్లీ మామోగ్రామ్ తీస్తూ గమనించి ఆ ఫలితాలు ప్రచురించారు. అందులో క్యాన్సర్‌గా తేలినవి 17. అంటే 0.5 శాతం. ఆ 17 కూడా బాగా తొలిదశలోనే దొరికాయి. అదే అందరికీ ఆపరేషన్ చేసి ముక్క తీసి ఉంటే 3,167 సార్లు ఊరికే కోసినట్టయ్యేది. కాబట్టి ఆగి చూడడం సోమరితనం కాదు, ఆగినందువల్ల పెద్దగా పోయేదేమీ ఉండదని తేలిన చోట మాత్రమే ఆగడం. ఆ ‘మాత్రమే’ దగ్గరే ఎమ్మారైకి చిక్కొచ్చింది.

ఎందుకంటే ఆ ధైర్యం మామోగ్రామ్ సంపాదించుకున్నది, ఎమ్మారై దాన్ని అప్పు తెచ్చుకుంది. రెండూ చూసేది ఒకటి కాదు. మామోగ్రామ్ ఎక్స్‌రే, కండ ఎక్కడ చిక్కగా ఉందో, సున్నపు చుక్కలెక్కడ ఉన్నాయో దాంట్లో నీడల్లా పడతాయి. ఎమ్మారైలో చేతి నరానికి గడోలినియం మందు ఎక్కించి, ఆ మందు రొమ్ములో ఎక్కడెక్కడ ఎంత వేగంగా చేరుతోందో చూస్తారు, ఒకరకంగా అది రక్తం పారే దారుల పటం. క్యాన్సర్ గడ్డ తన కోసం హడావుడిగా కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది, అవి కారే గొట్టాల్లాంటివి, మందు గబగబా లోపలికొస్తుంది, గబగబా బయటికీ పోతుంది. మామూలు గడ్డ చాలాసార్లు నిదానంగా తాగి నిదానంగానే వదులుతుంది. గొడవేంటంటే ఏ జబ్బూ లేని రొమ్ము కూడా ఆ మందును కొంత తాగుతుంది, అదీ నెలలో ఒక్కో వారం ఒక్కోలా. దాంతో మామోగ్రామ్‌లో ఏమీ కనపడనిచోట ఎమ్మారైలో ఆకాశంలో చుక్కల్లా మెరుపులు కనపడొచ్చు, వాటిలో ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో తేల్చడం రేడియాలజిస్ట్‌కు నిజంగా కష్టమే.

కష్టమైనప్పుడు ఏం చేస్తారు? 3 వేస్తారు. 2003లో న్యూయార్క్‌లో రొమ్ము క్యాన్సర్ ప్రమాదం ఎక్కువున్న 367 మంది ఆడవాళ్ల తొలి ఎమ్మారైలు పరిశీలిస్తే, 89 మందికి, అంటే దాదాపు నాలుగో వంతు మందికి, ‘కొన్నాళ్లాగి మళ్లీ చూద్దాం’ అని రాసి ఉంది. ఆ 89 మందిలో తర్వాత క్యాన్సర్ తేలింది 9 మందికి. 10 శాతం! 2 శాతం లోపు అని చెప్పుకునే పెట్టెలో 10 శాతం ఉండడమంటే, ఆ పెట్టెలోకి వెళ్లకూడనివి చాలానే వెళ్లాయని. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో చాలావాటిలో ఇది 2 శాతం లోపుకే దిగింది, ఎందుకంటే ఏవి 3 అనొచ్చో ఏవి అనకూడదో మెల్లమెల్లగా తెలిసొచ్చింది. అయినా మామోగ్రామ్‌లో 3 అన్నప్పుడున్నంత గట్టి పునాది ఎమ్మారైలో 3కి ఇప్పటికీ లేదనే చెప్పాలి. ఈ తేడా తెలిసిన డాక్టరు ఎమ్మారైలో 3 తక్కువగా వేస్తారు, తెలియనివాళ్లు ప్రతి చుక్కకీ వేస్తారు.

మరి 3 వేయడం సబబైనవి ఏవి? ఇది తొలి ఎమ్మారై అయి ఉండి, అంటే పోల్చుకోవడానికి పాతది లేకుండా, ఒంటరిగా ఒక గడ్డ కనపడి, కోడిగుడ్డు ఆకారంలో నున్నటి అంచుతో ఉండి, మందును లోపలంతా సమంగా తాగుతుంటే, లేదా లోపల నల్లటి సన్నటి గీతలు అడ్డుగోడల్లా కనపడుతుంటే, అది చాలావరకు ఫైబ్రోఅడినోమానే, వయసులో ఉన్న ఆడవాళ్లలో బాగా కనిపించే మామూలు గడ్డ. అలాగే ఇది ఫలానా అని చెప్పడానికి వీల్లేనంత చిన్న ఒంటరి చుక్క తొలి స్కానింగ్‌లో కనపడితే కూడా 3 వేసి గమనించొచ్చు. రెండు రొమ్ముల్లోనూ ఒకేలాంటి చుక్కలు పరుచుకుని ఉంటే 3 కూడా అక్కర్లేదు, 2 చాలు. ఇటువైపు, గడ్డలా కాకుండా ఒక పాయగానో, చనుమొన వైపు సాగే గీతగానో మందు మెరుస్తుంటే దాన్ని ఆగి చూడడం మంచిది కాదు, ముక్క తీయాల్సిందే. కిందటి స్కానింగ్‌లో లేనిది ఇప్పుడు కొత్తగా వచ్చినా అంతే. కొత్తదానికి 3 వేశారంటే ‘ఎందుకు 3 అన్నారు?’ అని అడగడం తప్పేమీ కాదు, పొగరు అంతకన్నా కాదు.

ఆర్నెల్లే ఎందుకు, నెల ఎందుకు కాదు అనే ప్రశ్న చాలామందికి వస్తుంది. దీనికి చిన్న లెక్క ఉంది, కాస్త ఓపిక పడితే మిగతా అంతా దాని వెనకే అర్థమవుతుంది. గుండ్రటి గడ్డ ఒకటి 8 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. దాంట్లోని కణాలన్నీ రెట్టింపైతే అది 16 మిల్లీమీటర్లు అవదు. పరిమాణం రెట్టింపైనా అడ్డంగా కొలిస్తే పెరిగేది పావు వంతు కన్నా కొంచెం ఎక్కువ, అంటే 10 మిల్లీమీటర్లు. తేడా 2 మిల్లీమీటర్లు! రొమ్ము ఎమ్మారైలో ఒక్కో పొర మందం 3 మిల్లీమీటర్లకు మించకూడదని చూసుకుంటారు, అంటే మనం పట్టుకోవాలనుకునే పెరుగుదల ఒక్క పొర మందం కూడా లేదన్నమాట. నెలకే మళ్లీ స్కానింగ్ చేస్తే నిజంగా పెరిగేది కూడా పెరగనట్టే కనపడి తప్పుడు ధైర్యం వస్తుంది. రెండేళ్లాగితే నిజంగా చెడ్డదైతే చేయి దాటిపోతుంది. ఈ రెంటికీ మధ్య ఆర్నెల్లు. తర్వాత ఏడాదికి, ఆపై రెండేళ్లకు. మన లెక్కలో గుర్తు పెట్టుకోవాలంటే ఉగాదికి చేయించుకున్నవాళ్లు దసరాకి, దసరాకి చేయించుకున్నవాళ్లు మళ్లీ ఉగాదికి. 2026లోలాగా మధ్యలో అధికమాసం పడితే ఉగాది నుంచి దసరాకి ఏడు నెలలవుతుంది, ఆ ఒక్క నెలకి కొంపేం మునగదు. వేరుశనగ పీకుళ్లు అయ్యాక చూద్దాం, పిల్ల పెళ్లి అయ్యాక చూద్దాం అని జరుపుకుంటూ పోతేనే మునుగుతుంది.

ఆ 2 మిల్లీమీటర్ల తేడాను పట్టుకోవాలి కాబట్టి, రెండు స్కానింగులూ ఒకేలా తీసినవై ఉండాలి. మన జిల్లాల్లో ఇదే జరగదు. కర్నూలు మనిషి మొదటిది హైదరాబాద్‌లో చేయించుకుంటుంది, 200 పైచిలుకు కిలోమీటర్లు. రెండోసారికి అంత దూరం ఎందుకులే అని ఊళ్లోనే ఇంకో సెంటర్‌కి వెళ్తుంది. అనంతపురం వాళ్లు బెంగళూరు పోతారు, కడప వాళ్లు తిరుపతికో వెల్లూరుకో. రెండోసారి ఊరు మారుతుంది, మెషీన్ మారుతుంది, చూసే డాక్టరు మారతారు. మెషీన్‌లోని అయస్కాంతం బలం ఒకచోట 1.5 టెస్లా, ఇంకోచోట 3 టెస్లా ఉండొచ్చు. మందు ఎక్కించాక ఏ నిమిషంలో బొమ్మ తీశారన్నది మారుతుంది. ఇవన్నీ మారినా పాత బొమ్మలు చేతిలో ఉంటే మంచి రేడియాలజిస్ట్ ఎలాగోలా పోల్చగలరు. అవి లేకపోతే రెండో స్కానింగ్ మళ్లీ ‘మొదటి స్కానింగే’ అవుతుంది, మళ్లీ 3 పడుతుంది, మళ్లీ ఆర్నెల్లు అంటారు, డబ్బు పోయి, చక్రం మాత్రం మళ్లీ మొదటికి.

పాత బొమ్మలంటే పెద్ద కవర్లో ఇచ్చే నల్లటి ఫిల్ములు అనుకుంటారు చాలామంది. ఫిల్ము మీద ఉండేవి ఎంచి అచ్చేసిన కొన్ని బొమ్మలే. రొమ్ము ఎమ్మారైలో వందల్లో, ఒక్కోసారి వేలల్లో బొమ్మలుంటాయి, మందు ఎక్కించకముందు ఒక వరస, ఎక్కించాక నిమిషం నిమిషానికి ఒక వరస, వీటిని ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూస్తేనే మెరుపు తెలుస్తుంది. అవన్నీ ఉండేది సీడీలో. డబ్బు కట్టేటప్పుడే ‘సీడీ కావాలి’ అని అడగాలి, ఇచ్చాక అది తెరుచుకుంటుందో లేదో ఏదైనా కంప్యూటర్‌లో చూసుకోవాలి, ఇంట్లో సీడీ పెట్టే కంప్యూటరే లేకపోతే పిల్లలతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోవాలి. ఏప్రిల్ ఎండల్లో రేకుల కప్పు కింద అలమారా పైన పెట్టిన సీడీ రెండేళ్లకి పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోకపోవడమే మేలు. రెండో స్కానింగ్‌కి వెళ్లినప్పుడు సీడీని మెషీన్ దగ్గరి అబ్బాయికిచ్చి వచ్చేయడం కాదు, రిపోర్టు రాసే డాక్టరుకు చేరిందో లేదో కనుక్కోవాలి. రిపోర్టులో ‘ఫలానా తేదీ స్కానింగ్‌తో పోల్చి చూశాం’ అనే వాక్యం ఉండాలి. లేదంటే పోల్చలేదనే అనుకోవాలి.

ఇంకో విషయం, చెప్పడానికి సిగ్గుపడి చాలామంది దాటేసేది. నెలసరి. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 14వ రోజు మధ్యలో చేస్తే మామూలు కండ మందును తక్కువ తాగుతుంది, బొమ్మ తేటగా వస్తుంది. మళ్లీ నెలసరి రావడానికి ముందు వారంలో చేస్తే రొమ్మంతా మెరిసి చుక్కలు కుప్పలుగా కనపడతాయి. మన దేశంలో ఇది ఎందుకింత ముఖ్యమంటే, పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ రొమ్ము క్యాన్సర్ సుమారు పదేళ్లు చిన్న వయసులోనే బయటపడుతోంది, ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది కొత్త కేసులు 1.92 లక్షలు, వాళ్లలో ఇంకా నెలసరి ఆగనివాళ్లు తక్కువేమీ కాదు. స్కానింగ్ సెంటర్లో అపాయింట్‌మెంట్ ఇచ్చేది ఎక్కువగా మగపిల్లలు, వాళ్లు అడగరు, ఆడవాళ్లు చెప్పరు. మొదటిది నెలసరికి ముందు వారంలో, రెండోది నెలసరి మొదలైన రెండో వారంలో చేస్తే చుక్క మాయమైనట్టు కనపడొచ్చు, అదే తిరగబడితే లేని చుక్క పుట్టినట్టూ కనపడొచ్చు. ‘నెలసరి వచ్చి ఇన్ని రోజులైంది’ అని ఒక కాగితం మీద రాసి ఇచ్చినా చాలు, నోటితో చెప్పాల్సిన పనిలేదు. నెలసరి ఆగినవాళ్లకు ఈ లెక్క వర్తించదు గానీ, హార్మోన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి చెప్పాలి. అప్పటికే ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలి ఆపరేషన్‌కి ముందు చేసే ఎమ్మారై అయితే మాత్రం తేదీ కోసం కాచుకుని కూర్చోరు.

క్యాన్సర్ ఉన్నవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి అదీ చూడాలి. ఒక రొమ్ములో క్యాన్సర్ దొరికినవాళ్లకు రెండో రొమ్ములో మామోగ్రామ్‌కు దొరకనిది ఏమైనా ఉందేమోనని ఎమ్మారై చేస్తారు. 2007లో అమెరికాలో అలాంటి 969 మందికి చేస్తే 30 మందికి, అంటే 3.1 శాతం మందికి రెండో వైపు కూడా క్యాన్సర్ దొరికింది. మరి ఇలాంటి మనిషికి క్యాన్సర్ ఉన్న రొమ్ములోనే పక్కన ఇంకో చుక్క కనపడి దానికి 3 వేసి ఆర్నెల్లాగమంటే అర్థమేముంది? ఆపరేషన్ వచ్చే వారమో ఆ పై వారమో. ఎంత మేర తీయాలో ఇప్పుడే తేలాలి. ఇలాంటప్పుడు ఆ చుక్క సంగతి ముందే తేల్చుకోవాలి. తల్లికో అక్కకో చిన్న వయసులో వచ్చి, రొమ్ము క్యాన్సర్ ప్రమాదాన్ని బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉందని తేలినవాళ్లలో కూడా 3 వేయడానికి వెనకాడాలి. గర్భం కోసం చూస్తున్న అమ్మాయి విషయంలో కూడా, ఆర్నెల్లకి ఆమె కడుపుతో ఉంటే గడోలినియం ఎక్కించరు, మళ్లీ స్కానింగ్ కుదరదు. అన్నిటికన్నా ముఖ్యం, మళ్లీ రాగలదో లేదో నమ్మకం లేని మనిషి. ఆర్నెల్లకోసారి కూలి మానుకుని, వేలల్లో ఖర్చుపెట్టి, ఆదోని నుంచో రాయచోటి నుంచో ఇంకో ఊరు వెళ్లి రావడం కుదరదని తెలిసినప్పుడు, ఆ మాట డాక్టరుతో మొదటిరోజే చెప్పేస్తే ఆయన వేరే దారి చూస్తారు. రాలేనని తెలిసీ తల ఊపి వచ్చేస్తే ఆ 2 శాతం లెక్క ఆమెకి పనికిరాదు, ఆ లెక్క మళ్లీ వచ్చినవాళ్లది.

వేరే దారి అంటే మొదటిది అల్ట్రాసౌండ్. ఎమ్మారైలో కనపడినచోటే ప్రత్యేకంగా వెతికి, అక్కడ గడ్డ దొరికితే సూదితో ముక్క తీయడం సులువు, పది పదిహేను నిమిషాల పని, జిల్లా కేంద్రంలోనే అయిపోతుంది. దొరక్కపోతే? ‘అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదన్నారు’ అని స్వీట్లు పంచుకోకూడదు. అల్ట్రాసౌండ్‌కి దొరకనంత మాత్రాన ఎమ్మారైలో కనపడింది లేనట్టు కాదు. అప్పుడు ఎమ్మారై మెషీన్‌లోనే పడుకోబెట్టి, అయస్కాంతానికి పట్టని ప్రత్యేకమైన సూదితో తీయాలి. ఆ వసతి ఉన్న చోట్లు తక్కువ. రొమ్ము ఎమ్మారై చేసే ప్రతి సెంటర్లోనూ ఉండదు కాబట్టి, స్కానింగ్‌కి వెళ్లకముందే ‘ఇందులో ఏదైనా కనపడితే ముక్క ఎక్కడ తీస్తారు?’ అని ఒక్క ప్రశ్న అడిగి పెట్టుకుంటే తర్వాత పరుగులు తగ్గుతాయి.

సూది మాటెత్తగానే ‘గుచ్చితే పాకుతుంది’ అనే మాట వస్తుంది, చదువుకున్నవాళ్ల నోటా వస్తుంది. ముక్క పరీక్ష వల్ల ఆయుష్షు తగ్గిందని చూపే ఆధారం లేదు, రొమ్ము క్యాన్సర్ వైద్యం ప్రపంచమంతటా ముక్క పరీక్షతోనే మొదలవుతుంది. ఈ భయం వల్లే 4 పడ్డవాళ్లు కూడా ‘మాకూ 3 అనుకుని ఆర్నెల్లు చూద్దాం సార్’ అని బేరమాడతారు. 4కీ 3కీ మధ్య బేరం లేదు.

గడోలినియం గురించి ఒక్క ముక్క: బీపీ, షుగర్ ఎక్కువ కాలంగా ఉన్నవాళ్లు ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ మందు జాగ్రత్తగా వాడాలి. రేడియేషన్ గురించి దిగులక్కర్లేదు, ఎమ్మారైలో అది ఉండదు.

అంతా సవ్యంగా జరిగితే ఏమవుతుంది? ఆర్నెల్లకి చుక్క అలాగే ఉంటుంది లేదా చిన్నదవుతుంది లేదా మాయమవుతుంది. అలాగే ఉంటే ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్లు నిండాక ఒకసారి చూసి, అప్పటికీ కదలకపోతే 3 తీసేసి 2 వేస్తారు, అక్కడితో ఆ చుక్క కథ ముగుస్తుంది. పెరిగినా, అంచు గరుకెక్కినా, మందు తాగే తీరు మారినా మళ్లీ ఆగడాలుండవు, ముక్క తీస్తారు. ఈ మధ్యలో చేతికి గడ్డ తగిలితే, చనుమొన నుంచి రక్తం కనపడితే, చర్మం లోపలికి లాక్కున్నట్టుంటే, ఆర్నెల్ల తేదీకి ఇంకా నాలుగు నెలలున్నా ఆ వారమే వెళ్లి చూపించుకోవాలి. స్కానింగ్ తేదీ ఇచ్చింది లోపల కనపడిన పాత చుక్కకి, ఇప్పుడు చేతికి తగిలినదానికి కాదు.